పసుపు పూసిన హద్దురాయి

మా సర్వేయర్ సారు పోయిన శుక్రవారం చనిపోయారు. ఎమ్మిగనూరు బస్టాండులో గొలుసు పట్టే మా మనిషి ఎదురొచ్చి చెప్పాడు: "సారు పోయినారంటన్నా. ఆదోనిలో మధ్యాన్నమే మట్టి." పటాల గొట్టం చంకలో పెట్టుకుని అలాగే బస్సెక్కాను. ఈ మధ్య ఏ కబురు విన్నా ముందు అలసటే వస్తోంది. ఏడుపు తర్వాతెప్పుడో.

సారు పొలంలో దిగగానే పటం విప్పేవారు కాదు. హద్దురాయి పక్కన కూర్చుని, అరచేయి ఆనించి ఊపి చూసేవారు. "రాయిని పలకరించినాకే గొలుసు పరసాలప్పా" అనేవారు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నోరు తెరుస్తుంది, అందులో రాయి నిలవడం కష్టం. తడిసిన పటం ముడుచుకుంటుంది. గొలుసు వాడేకొద్దీ సాగుతుంది. "ఇంక మనిషి సంగతి సెప్పనే అక్కర్లే" అని నవ్వేవారు. ఏళ్ల తరబడి అన్నదమ్ముల గట్టు తగాదాలు విన్న మనిషి కదా, ఆ నవ్వులోనూ అలుపు ఉండేది.

ఐదారేళ్ల కిందట, ఎనభైల మొదట్లో, ఆదోని పక్క పల్లెలో ఒంటరి అవ్వ ఒకామె ఉండేది. ఆమెకున్నది రెండెకరాలు, ఒక బావి. ఆ బావి నాదేనని పక్క రైతు అర్జీ పెట్టాడు. నేను వెళ్లి కొలిచాను. బావి అతని వైపే తేలింది. సంతకం పెట్టి వచ్చేశాను. వారం తిరక్కుండా అవ్వ ఆఫీసుకొచ్చి సారు ముందు కూలబడింది. నాకు ఒళ్లు మండింది.

"పటమే పాతది సారూ, ఏదీ సరిపోవడం లేదు" అన్నాను.

"తేడా ఎంత?"

"ఎనిమిది అడుగులు. చుట్టుపక్కల పొలాలూ అంతే. అన్నీ తూర్పుకే."

"దూరం పోయేకొద్దీ తేడా పెరుగుతాంటే తప్పు గొలుసుది. ఒక్క సోటే వస్తే నీ కండ్లది. అన్నీ ఒకే పక్కకు, ఒకే అంత జరిగినాయంటే నువ్వు మొదట నిలబడిన సోటే తప్పు. పటాన్ని తిట్టొద్దప్పా."

మరునాడు ఇద్దరం వెళ్లాం. నేను కొలత మొదలుపెట్టిన రాయికి పసుపు, కుంకుమ ఉన్నాయి. మొదటిసారి వచ్చినప్పుడు దాన్ని చూసి దండం పెట్టుకున్నాను. దేవుణ్ణి ఊపి చూస్తామా?

సారు కూడా దాన్ని ముట్టలేదు. అవ్వను అడిగారు: "ఈ సామి ముందునుంచీ ఈడనే ఉండాడా అవ్వా?"

"లేదు నాయనా. ఆడ వంక నీళ్లల్లో నానుతాంటే సూడలేక మేమే మిట్టకు తెచ్చుకున్యాము."

తన బావిని తానే పక్కవాడికి జరిపేశానని ఆ పిచ్చితల్లికి తెలియదు. నాకూ తెలియలేదు, అది తెలుసుకోవడమే నా ఉద్యోగమైనా.

పడమరగా ఎనిమిది అడుగుల దగ్గర తవ్విస్తే, నల్లమట్టి కింద, రాయి కదలకుండా ఎర్ర గరుసు కూరిన పాత గుంట బయటపడింది. అక్కడ కొత్త రాయి పాతించి కొలిస్తే బావి అవ్వ వైపే తేలింది. పసుపు రాయిని పెరికేద్దామన్నాడు పక్క రైతు. "సామిని కదిలించేకి మనమెవరప్పా? దేవుడు ఈడుండనీ, రాయి ఆడుంటాది" అన్నారు సారు. తర్వాత కలం నా చేతికిచ్చి, ఆ రైతు ఎదుటే నా సంతకం నాతోనే కొట్టేయించారు. సిగ్గుతో చచ్చిపోయాను. తిరిగొచ్చేటప్పుడు, "అలిసినప్పుడు రాయిని పలకరించేది మరుస్తాము. నేనూ మరిసినా" అన్నారు. ఆ మాటకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను.

ఖబరస్తాన్‌లో మట్టి వేసి వచ్చిన రెండో రోజు ఆ పల్లెకు వెళ్లాను. కబురు చెప్తే అవ్వ బావి ఒరమీద కూర్చుండిపోయింది. సారు పాతించిన రాయికి కూడా పసుపు పూసి ఉంది. వెంటనే అడిగాను.

"దీన్ని గూడా జరపలేదు కదా అవ్వా?"

"లేదప్పా. సామిని ఉన్న సోటే మొక్కుకోమని మీ సారే సెప్పి పోయినాడు."

ఈసారి చెప్పులు విడిచి, రాయి పక్కన కూర్చుని, పసుపు మీదే అరచేయి ఆనించి ఊపాను. కదల్లేదు.