వేడి తెలియని ఎడమచెయ్యి

ఆ రోజు క్లాసులో బుట్టకమ్మల అంచుకి ముత్యాల వరుస అంటిస్తున్నాం. చీపురుపల్లిలో ఒక టైలరింగ్ షాపు మేడ మీద ఉమ మేడం కొత్తవాళ్ళకి పట్టుదారం నగలు నేర్పేవారు. మొత్తం పదిమంది ఆడవాళ్ళం. మా తోటికోడలు పార్వతక్కా నేనూ మా ఊరి నుంచి ఒకే ఆటోలో వెళ్ళేవాళ్ళం. చిన్నప్పటి నుంచి నా చేతిపని నీటుగా ఉంటుందని పేరు. ఆ పేరు చూసుకుని నాకు కాస్త గర్వం కూడా.

నేను ఎడమచేత్తో బుట్ట పట్టుకున్నాను, అక్క గ్లూ గన్ నొక్కింది. వేడి జిగురు అంచు దాటి నా చిటికెన వేలి మీద ముద్దగా పడింది. పక్కవాళ్ళు "అమ్మో!" అన్నారు. నేను అనలేదు.

"ఏటే, కాల్లేదేటి?" అంది అక్క.

"నేదు."

ఆరిన జిగురు లాగితే దాంతోపాటు తోలూ వచ్చింది. "దీని సెయ్యి ఇనప సెయ్యే!" అని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే పొంగిపోయాను.

అప్పటి నుంచి ఎవరు జిగురు పని మొదలుపెట్టినా బుట్ట పట్టుకునేది నేనే. "ఇనప సెయ్యీ, ఇలా రాయే" అని పిలిచేవారు. నెల తిరిగేలోపు నా చిటికెన వేలు, ఉంగరపు వేలు మీద ఐదారు పుళ్ళు పడ్డాయి. ఒక్కటీ నొప్పి పెట్టలేదు. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో చూడండి. మోచేతి కింద పాలిపోయిన మచ్చ అప్పటికే ఏడాదిగా ఉంది. శోభి అనుకుని మందుల షాపువాళ్ళిచ్చిన ఆయింట్‌మెంట్ రాసుకుంటున్నాను.

తర్వాత దారం చుట్టేటప్పుడు పోగులు నా చివరి రెండు వేళ్ళ మధ్య నిలవకుండా జారిపోవడం మొదలైంది. ఒకరోజు ఉమ మేడం నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, నేను ఎటో చూస్తుండగా, మచ్చ మీద సూది మొన ఆనించారు.

"తెలుస్తన్నాదా?"

"ఏటి?" అన్నాను.

ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. "రేపు క్లాసుకి రాకు. ఆస్పత్రికెల్లు."

మా ఆయన విజయనగరం తీసుకెళ్ళాడు. అక్కడ డాక్టరమ్మ దూదిని సన్నగా పోగులా నలిపి, "కళ్ళు మూసుకోండి. తగిలిన చోట వేలు పెట్టి చూపించండి" అన్నారు. చూపించాను. కళ్ళు తెరిచాక, "ఎనిమిదిసార్లు తాకాను. మీరు మూడే చూపించారు" అన్నారు. మోచేతి వెనక నరాన్ని వేలితో దొర్లించి, "అల్నార్ నెర్వ్ థిక్ అయింది" అని పక్కనున్న జూనియర్‌కి చెప్పారు. చర్మం కొంచెం గీరి స్కిన్ స్మియర్ తీశారు. రిజల్ట్ చూసి "హాన్సెన్స్ డిసీజ్" అన్నారు. మేమిద్దరం తలూపాం. మాకు అర్థం కాలేదని తెలిసి, మెల్లగా "కుష్టు" అన్నారు.

నేను నా వేళ్ళు చూసుకున్నాను. మా ఆయనే అడిగాడు. "ఏళ్ళు ఊడిపోతాయేటి డాక్టరమ్మా?"

"ఊడవు. కానీ నెర్వ్ దెబ్బతింది. పోయిన స్పర్శ ఎంత తిరిగొస్తుందో చెప్పలేను, ఉన్నది కాపాడుకుందాం. ఎం.డి.టి. మాత్రలు పన్నెండు నెలలు వేసుకోవాలి. ఒక్కరోజు మానొద్దు. మందు మొదలుపెట్టాక మీ నుంచి ఎవరికీ అంటదు. ఇంట్లోవాళ్ళూ పరీక్ష చేయించుకోవాలి."

తిరుగు బస్సులో ఎడమచెయ్యి కొంగులో దాచుకుని కూర్చున్నాను. నాకున్న పేరంతా ఆ చేతులతో వచ్చిందే. ఆ రెండు వేళ్ళూ పోతే నేనేం పనికొస్తానని దారంతా ఏడ్చాను.

పి.హెచ్.సి.లో మాత్రలు ఉచితంగా ఇచ్చారు. ఊళ్ళో నరాల వీక్‌నెస్ అని చెప్పాం. ఆ మాత్రలకి ఒళ్ళు నల్లబడింది. రెండో నెలలో అక్క మా ఇంటికొచ్చి కిటికీలో మాత్రల అట్ట చూసింది. వాళ్ళ తాతకి అలాంటిదే ఇచ్చేవారట.

"ఒసే, ఇది ఆ మందే కదా?"

నేను అట్ట తీసి కొంగు కింద పెట్టుకున్నాను. మర్నాటి నుంచి మా ఇంట్లో టీ తాగడం మానేసింది. నేను చేసిచ్చిన ఎర్ర బుట్టకమ్మలు చెవులకి తీసేసి పక్కనే ఉన్న వాళ్ళింటి వసారాలో మేకుకి తగిలించింది. మా వాకిట్లో నిలబడితే అవి కనబడేవి. ఆస్పత్రిలో విన్న మాట కంటే అవే నన్ను ఎక్కువ ఏడిపించాయి. ఆశా కార్యకర్త పరీక్షకి వస్తే, "మాకేటి రోగం? ఎల్లెల్లు" అని అక్క వాకిట్లోంచే పంపించేసింది.

నాలుగో నెలలో మచ్చ ఎర్రగా పొంగింది. మోచెయ్యి తాకితే ప్రాణం పోయేంత నొప్పి. మందు పడటం లేదనుకుని, ఎవరికీ చెప్పకుండా మాత్రలు దారాల డబ్బాలో దాచేశాను. పదిరోజులకి చిటికెన వేలు ముడుచుకుపోయింది, చాపినా రాలేదు. మా ఆయన చూసి మళ్ళీ విజయనగరం లాక్కెళ్ళాడు.

"ఇది రియాక్షన్. రోగక్రిముల మీద మీ ఒళ్ళే తిరగబడుతోంది. మందు పడక కాదు" అని డాక్టరమ్మ గట్టిగా కోప్పడ్డారు. "నొప్పి వచ్చిన రోజే రావాలి. దాచుకుంటే వేలు నాకు కనిపిస్తుందా?" ఆపిన మాత్రలు మళ్ళీ వేసుకోమని, నరం వాపు తగ్గడానికి ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టి, వేళ్ళు చాపి ఉంచేలా చేతికి స్ప్లింట్ కట్టారు. ఉంగరపు వేలు దక్కింది. చిటికెన వేలు పూర్తిగా చాపలేను, ఇప్పటికీ.

ఉమ మేడంకి నిజం చెప్పాను. "మందేసుకుంతున్నావు కదా? మరి రా. గ్లూ గన్ మాత్రం ముట్టుకోకు" అన్నారు. అంతే.

కోర్సు అయిపోయింది. రెండు వేళ్ళకీ స్పర్శ రాలేదు. బుట్టని చెక్క క్లిప్‌తో పట్టుకుంటాను. రోజూ సాయంత్రం వెలుగు ఉండగానే చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటాను, ఎక్కడ తెగిందో కళ్ళే చెప్పాలి కనక. క్లాసులో కొత్తవాళ్ళు చేరిన మొదటిరోజు, వాళ్ళని కళ్ళు మూసుకోమని, పట్టుదారం కొసతో చేతుల మీద తాకి, తగిలిన చోటు చూపించమంటాను. నవ్వుతూనే చూపిస్తారు.

మొన్నొకరోజు అందరూ వెళ్ళిపోయాక పార్వతక్క మెట్లెక్కి వచ్చింది. ఎదురుగా కూర్చుని జాకెట్టు కుడిచెయ్యి పైకి లాగింది. జబ్బ మీద పాలిపోయిన మచ్చ.

"నాకూ సూడే" అంది. అని కళ్ళు మూసుకుంది.

మచ్చ మీద ఐదుచోట్ల తాకాను. రెండే చూపించింది. కళ్ళు తెరవకుండానే "ఎన్నే?" అంది. ఆమె జాకెట్టు చెయ్యి కిందికి దించాను. "పదక్కా, ఆటో ఉన్నాది" అన్నాను.

విజయనగరంలో డాక్టరమ్మ చూసి, కుష్టే గానీ ఆమె నరాలకి ఇంకా ఏమీ కాలేదన్నారు. వేళ్ళు బాగున్నాయి. ఆశా కార్యకర్త వచ్చిన రోజే చూపించుకుంటే ఆ మచ్చ ఇంకెంత చిన్నగా ఉండేదో. మాత్రల అట్ట ఇంట్లో పెట్టుకోవడానికి భయపడి మా ఇంట్లోనే ఉంచింది. రోజూ వచ్చి మాత్ర మింగి, నేనిచ్చిన టీ తాగి వెళ్తుంది. ఎర్ర బుట్టకమ్మలు మాత్రం ఇంకా మేకుకే ఉన్నాయి. నేనడగలేదు.

మీకు నేను చెప్పేది ఒక్కటే. పక్కనున్న మనిషి మీద నిప్పులాంటిది పడి, ఆమె "అమ్మా" అనకపోతే మాలా నవ్వకండి. ఆ చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళండి.