పెద్దయ్య ముఖం అతికించిన కుండీ

ప్రపంచంలో లారీలు తిరిగినంత కాలం, టైర్లు అరిగినంత కాలం బున్‌హోమ్‌కు పనికి కరువు లేదు. రోయ్ ఎట్ ఊరికి పోయే రోడ్డు పక్కన, రేకుల పంచ కింద, అరిగిపోయిన టైర్ల మధ్య అతని జీవితం ముప్పై ఏళ్లుగా గుండ్రంగా సాగుతోంది. టైరు పక్క గోడను వంపు కత్తితో కోసి, సబ్బు నీళ్లు పోసి, దాని మీద రెండు కాళ్లతో నిలబడి, మొండి పిల్లవాడి ఒంటి మీంచి తడి బనీను లాగినట్టు లోపలిది బయటికి తిప్పేవాడు. అలా తిరగేసిన టైరు మొక్కల కుండీ అయ్యేది, నీళ్లు తోడే బాల్చీ అయ్యేది, చెత్తబుట్ట అయ్యేది. కుండీకీ చెత్తబుట్టకీ తేడా ఏమిటని సంతలో ఎవరైనా అడిగితే, గొప్ప శాస్త్ర రహస్యం విప్పేవాడిలా ఒక క్షణం ఆగి, "మూత" అనేవాడు. జనం నవ్వేవాళ్లు, కొనేవాళ్లు. ముప్పై ఏళ్లలో అతను వేసిన హాస్యం ఇదొక్కటే.

వస్తువు అమ్మి మరిచిపోయే రకం కాదు బున్‌హోమ్. తన కుండీలు ఏ ఇంట్లో ఎలా ఉన్నాయో పోయి చూసి వచ్చేవాడు. అలా చూసి చూసి అతనికి ఒక విద్య పట్టుబడింది. మొక్కకు ఉన్న చోటు ఎప్పుడు చాలకుండా పోతుందో అతనికి తెలిసేది. పొద్దున నీళ్లు పోస్తే మధ్యాహ్నానికల్లా తల వేలాడేస్తే ఒక గుర్తు. పోసిన నీళ్లు ఇంకకుండా నేరుగా అడుగు నుంచి కారిపోతే మరొకటి. ఆకులు కుండీ అంచు దాటి బయటికి చాచాయంటే లోపల వేళ్లు గోడకు తగిలినట్టే. చివరికి కుండీని ఎత్తి, అడుగున చేతివేళ్లతో తట్టి, కల్లు కుండ తట్టి చూసేవాడిలా చెవి పెట్టేవాడు. "దీనికి ఊపిరాడటం లేదు, పెద్దదానిలోకి మార్చండి" అనేవాడు.

ఎవరూ మార్చేవాళ్లు కాదు. కుండీలమ్మేవాడు పెద్ద కుండీ కావాలంటే నమ్మే అమాయకులు నోంగ్ ఖామ్ గ్రామంలో లేరు. వైద్యుడు రోగముందంటే నమ్ముతారు, సన్యాసి పాపముందంటే నమ్ముతారు, బున్‌హోమ్ కుండీ చాలదంటే మాత్రం ఒకరికొకరు కన్ను గీటుకుంటారు.

ఆ ఏడాది జూన్‌లో సర్కారు గంజాయిని నిషేధపు జాబితాలోంచి తీసేసింది. నలభై ఏళ్లు ఏ మొక్క పెంచితే జైలో, ఆ మొక్క పెంచని ఇల్లు ఇప్పుడు వెనకబడిన ఇల్లు అయింది. ఈ చారిత్రక ఘట్టాన్ని అందరికంటే ముందు గుర్తించినవాడు గ్రామపెద్ద ప్రయూన్. పది ఊళ్ల మీద పెద్దరికం చేసే పదవికి అతను ఆ ఏడు పోటీలో ఉన్నాడు. బున్‌హోమ్ కంటే పదేళ్లు చిన్న, అయినా పదవిని బట్టి ఊరంతా "పెద్దయ్యా" అనేది. పెద్దయ్య ఇంటింటికీ ఒక గంజాయి మొక్క పంచాడు. నల్లటి ప్లాస్టిక్ కుండీ, జానెడు పొడుగు, దాని మీద తెల్ల కాగితం, కాగితం మీద పెద్దయ్య ముఖం, ముఖం కింద ఓటు చీటీలో అతని అంకె. మొక్కను గుమ్మం ముందు, రోడ్డుకు కనపడేలా పెట్టుకోవాలని ఆదేశం. ముఖం రోడ్డు వైపు ఉండాలని విడిగా చెప్పక్కర్లేకపోయింది.

బున్‌హోమ్ ఇంట్లో ఆ మొక్క కోసం ఎదురు చూసింది అతని భార్య లామ్‌దువన్. మార్చిలో కడుపుకు ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు. జిగురన్నం ముద్ద చేసి నోటిదాకా తెచ్చుకుని, ఏదో జ్ఞాపకం వచ్చినట్టు మళ్లీ అన్నం బుట్టలో పెట్టేసేది. అరవై ఏళ్ల మనిషి పదేళ్ల పిల్లంత బరువుకు దిగింది. ఏం తింటావని అడగ్గా అడగ్గా ఒక రోజు చెప్పింది.

"మా అమ్మ నాటుకోడి పులుసులో గంజాయి పూత చిదిమి వేసేది. వంటింటి వెనక నిమ్మగడ్డి పక్కనే ఉండేదది. ఆ పులుసు వాసనకి జ్వరమొచ్చిన మా తాత కూడా లేచి కూర్చునేవాడు. అదైతే తింటానేమో."

"పూత చలిగాలి తిరిగితే గానీ రాదు కదే."

"అందాకా ఉంటాలే. ఎక్కడికి పోతాను?"

ఆమె నోరు తెరిచి అడిగిన మొదటి వస్తువు అది. నలభై ఏళ్ల కాపురంలో బంగారం అడగలేదు, బ్యాంకాక్ చూపించమనలేదు. కాబట్టి ఆ మొక్క పూసి తీరాలని బున్‌హోమ్ నిశ్చయించుకున్నాడు. కోడిపుంజును కూడా చూసి పెట్టుకున్నాడు.

ఆగస్టు దాకా మొక్క బాగా లేచింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం తల వేలాడేసింది. పొద్దున నీళ్లు పోసినది తనే. మర్నాడు రెండుసార్లు పోశాడు, అవి వచ్చిన దారినే పోయాయి. కింది ఆకులు పసుపుబారాయి, కొత్త ఆకులు ఎలుక చెవులంత వచ్చి ఆగిపోయాయి. కుండీ ఎత్తి చూస్తే అడుగు చిల్లుల్లోంచి తెల్లటి వేళ్లు బయటికి తొంగి చూస్తున్నాయి. చెవి పెట్టి తట్టవలసిన అవసరం కూడా కనపడలేదు.

పొరుగింటి చంపా తన గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది. అప్పటికే ఆమె మొక్క కూడా ముడుచుకుపోయింది.

"ఏం బావా, పెద్ద కుండీ కావాలంటోందా?" అంది.

"కావాలంటోంది. నీదీ అంటోంది."

"నాది నాతో ఏమీ అనలేదే. నీ చెవిలోనే చెప్తాయేం అన్నీ?" అని పకపకా నవ్వి, "అయినా పెద్దయ్య ముఖాన్ని పీకి అవతల పారేస్తావా? ఓట్ల రోజుల్లో? నీకు టైర్ల గాలి తలకెక్కింది" అంది.

అసలు చిక్కు అదే. మొక్కను మార్చడమంటే ముఖాన్ని తీసెయ్యడం. కుండీ చిన్నదయిందని చెప్పడమంటే, ఇచ్చినవాడి చెయ్యి చిన్నదని చెప్పడం. మా ఊళ్లో మనిషి ఆకలితో చస్తాడు గానీ, పెట్టినవాడితో కూర చాల్లేదని అనడు. ఈ మొహమాటాన్ని మేము మర్యాద అంటాం, పిల్లలకు ఉగ్గుతో పోస్తాం. బున్‌హోమ్‌కు అది మరీ ఎక్కువగా పోశారు.

అయినా లామ్‌దువన్ ముఖం చూసి, ఒక అరటిగెల తీసుకుని పెద్దయ్య ఇంటికి వెళ్లాడు. అరగంట వానల గురించి మాట్లాడాడు. మరో పావుగంట పెద్దయ్య మనవడి చదువు మెచ్చుకున్నాడు. ఆ మీదట విషయంలోకి వచ్చాడు, అంటే ఇంకా కాస్త దూరం జరిగాడు.

"మీ మనవడు బాగా ఎదిగాడు పెద్దయ్యా. పోయినేటి చెప్పులు ఈ ఏడు పట్టవేమో."

ప్రయూన్ అరటిగెల వంక చూశాడు, బున్‌హోమ్ వంక చూశాడు, చల్లగా నవ్వాడు. తెలివిలేనివాడు కాడు.

"పిల్లల కాళ్లకేం అన్నా, పెరుగుతూనే ఉంటాయి. ఇచ్చిన చెప్పులు కొన్నాళ్లు ఓర్చుకుని తొడుక్కుంటే ఇచ్చినవాడికి తృప్తి. కార్తీక పున్నమి దాటాక మార్చుకోవచ్చులే."

పున్నమి నాటికి ఓట్లు అయిపోతాయి. అందాకా మొక్క బతకదు. బతికినా పూయదు. బున్‌హోమ్ రెండు చేతులూ జోడించి, మనవణ్ణి మరోసారి మెచ్చుకుని, ఇంటికి వచ్చేశాడు.

మూడు రోజులు ఆలోచించగా దారి దొరికింది. ముఖాన్ని ముట్టకుండా అడుగును మాత్రం తీసెయ్యాలి. ఒక మధ్యాహ్నం, వాన పడుతూ ఊరంతా కునుకు తీస్తున్న వేళ, ప్లాస్టిక్ కుండీ అడుగును వంపు కత్తితో గుండ్రంగా కోశాడు. నడుమెత్తున్న టైరు కుండీ ఒకటి తెచ్చి, పేడ ఎరువూ ఊకబూడిదా కలిపిన మట్టితో నింపి, దాని నడినెత్తిన ఈ కుండీని కూర్చోబెట్టాడు. పెద్దయ్య కుండీలోనే మొక్క ఉంది, వేళ్లు మాత్రం కిందికి దిగి పోతాయి. పెద్దయ్య ముఖం రోడ్డు వైపే ఉంది, పైగా ఇదివరకటి కంటే ఎత్తులో ఉంది. ఇందులో ఎవరికైనా తప్పు కనపడుతుందని అతనికి తోచలేదు. తన పనివాడితనానికి తానే మురిసిపోయాడు.

వారం తిరక్కుండా మొక్క తల ఎత్తింది. మూడు వారాలకు చంపా భుజం దాటింది. లామ్‌దువన్ పొద్దున్నే చాప మీంచి లేచి, స్తంభాలు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి మొక్క కణుపుల దగ్గర వేలు పెట్టి చూసేది. "ఇంకా లేదు" అనేది. ఒకరోజు, "ఆ రోలూ రోకలీ కడిగిపెట్టు, బొప్పాయి పచ్చడి కారం అంటుకుని ఉంది" అంది. రోకలి సంగతి ఆమె ఎత్తడం మార్చి తర్వాత అదే మొదలు. బున్‌హోమ్ రెండింటినీ మూడుసార్లు కడిగాడు.

కొంప ముంచింది మెచ్చుకోలు. ఊళ్లో మిగతా మొక్కలు ఎండిపోతుంటే ఇదొక్కటి నిగనిగలాడుతోందని చంపా ఫోన్‌లో ఫోటో తీసి, ఊరి గ్రూపులో పెట్టింది. "మా బావ చేతి చలవ" అని రాసింది కూడా. పావుగంటకు అవతలి అభ్యర్థి బావమరిది ఒక ప్రశ్న వేశాడు: "పెద్దయ్యను చెత్తబుట్ట మీద కూర్చోబెట్టారేం?"

అప్పుడు చూశారు అందరూ. నల్లటి టైరు బుట్ట, దాని మీద, సరిగ్గా మూత ఉండవలసిన చోట, చిరునవ్వు నవ్వుతున్న పెద్దయ్య. సాయంత్రానికి ఆ ఫోటో పది ఊళ్లూ తిరిగింది. కుండీకీ చెత్తబుట్టకీ తేడా ఏమిటో బున్‌హోమ్ స్వయంగా ముప్పై ఏళ్లు నేర్పిన జనం అది. పాఠం ఎవరూ మరిచిపోలేదు.

మర్నాడు పొద్దున ప్రయూన్ నలుగురితో కలిసి వచ్చాడు. నవ్వుతూ వచ్చాడు. మా వైపు కోపంగా వచ్చినవాడితో వేగవచ్చు, నవ్వుతూ వచ్చినవాడితోనే కష్టం. అతని చేతిలో కొత్త ప్లాస్టిక్ కుండీ ఉంది. అదీ జానెడే, ముఖం మాత్రం ముందరిదానికి రెండింతలు.

బున్‌హోమ్ అప్పటికే ఇత్తడి పళ్లెంలో ఐదు జతల పూలు, ఐదు జతల కొవ్వొత్తులు సర్ది పెట్టుకున్నాడు. మోకాళ్ల మీద కూర్చుని పళ్లెం ఎత్తి, తెలిసీ తెలియకా చేసిన తప్పు మన్నించమన్నాడు.

"తప్పేముంది అన్నా," అన్నాడు ప్రయూన్ పళ్లెం తాకి. "నాకేం లేదు. ఊళ్లోవాళ్లు బాధపడుతున్నారు. మొక్కను దీంట్లోకి మార్చేస్తే వాళ్ల బాధ తీరుతుంది. ఒక ఫోటో తీసుకుని పోతాం."

అప్పుడు బున్‌హోమ్ తన జన్మలో మొదటిసారి పెద్దవాళ్లతో సూటిగా మాట్లాడాడు.

"వేళ్లు మూరెడు కిందికి దిగాయి పెద్దయ్యా. దాంట్లో పట్టవు. కోసి పెడితే చచ్చిపోతుంది. ఇంట్లో మనిషి దాని మీద ఆశ పెట్టుకుంది. దీనికి పెద్ద కుండీ కావాలి."

ప్రయూన్ తల పంకించాడు. "నువ్వు కుండీలమ్ముతావు కదన్నా," అన్నాడు ఆప్యాయంగా. నలుగురూ నవ్వారు. తన గుమ్మంలోంచి చంపా కూడా నవ్వి, వెంటనే నోరు మూసుకుంది.

లోపల చాప మీంచి లామ్‌దువన్ గొంతు వినిపించింది. "కోసెయ్యవయ్యా. అంతమందిని ఎండలో నిలబెట్టకు."

బున్‌హోమ్ వంపు కత్తి తెచ్చాడు. మట్టిగడ్డను పైకి లాగితే వేళ్లు టైరు నిండా తెల్లగా అల్లుకుని కనిపించాయి. కొత్త కుండీ లోతు కొలిచి, అంత మటుకు ఉంచి, మిగతాది నాలుగు కోతల్లో తెగ్గోశాడు. పనితనం మీద ఎవరూ వంక పెట్టలేకపోయారు. ఫోటోలో పెద్దయ్య అతని భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు.

ప్రయూన్ గెలిచాడని చెప్పడం పెద్ద కబురేమీ కాదు. క్షమాగుణం చూసి ఓటేశామని చాలామంది అన్నారు. ఊళ్లో మొక్కలన్నీ పున్నమికి ముందే ఎండిపోయిన కారణం వెతకడానికి ఒక సంఘం వేశారు, మట్టి సరిగ్గా లేదని అది తేల్చింది. కొత్త పదవిలో పెద్దయ్య మొదటి పని ఊరి శుభ్రత. దానికి ముప్పై టైరు చెత్తబుట్టలు బున్‌హోమ్‌కే పురమాయించాడు. మనసులో ఏమీ పెట్టుకోలేదని ఊరంతా మెచ్చుకుంది. అవన్నీ తర్వాతి మాట.

కోసిన మొక్క నాలుగు రోజులు ఓర్చుకుంది. ఐదో రోజున కాండం మెత్తబడింది. పూత మొగ్గ వెయ్యకుండానే పోతుందని తేలిపోయాక, బున్‌హోమ్ వాడిన ఆకులే దూసుకుని, పసుపుబారినవి ఏరేసి, కోడిపుంజును కోశాడు. నిమ్మగడ్డి, గలంగా అల్లం, ఊరవేసిన చేపల రసం అన్నీ వేశాడు. ఆకులు చిదిమి చల్లాడు. ఎండు గడ్డి ఉడికిన వాసన వచ్చింది.

లామ్‌దువన్‌ను దిండుకు ఆనించి కూర్చోబెట్టి గిన్నె చేతికిచ్చాడు. ఆమె ఒక చెంచా తాగింది. కాసేపు ఆగి ఇంకొకటి తాగింది. గిన్నె ఒళ్లో పెట్టుకుని, చుట్టాలింట్లో భోజనం ముగించినదానిలా పెదవులు తుడుచుకుంది.

"అచ్చం మా అమ్మ చేసినట్టే ఉంది," అంది.

"ఇంకాస్త పొయ్యనా?"

"కడుపు నిండిపోయిందయ్యా," అంటూ గిన్నె పక్కన పెట్టి, అతని వైపు చూసి నవ్వింది. అచ్చంగా మా ఊరి నవ్వు.