పండు కంప్యూటర్ పోయాక

హిందూపురంలో నేను పనిచేసిన ప్రింటింగ్ ప్రెస్సులో మొదట ఉన్న కంప్యూటర్‌ను అందరం పండు కంప్యూటర్ అనేవాళ్లం. దాని ముఖాన కొరికిన పండు బొమ్మ ఉండేది. బెంగళూరులో ఎవరో వాడి వదిలేసిన దాన్ని మా ఓనరు కొని, కారు వెనక సీట్లో దుప్పటి చుట్టి తెచ్చాడు. తొంభైల మధ్యలో సంగతి. అది వచ్చిన నెలలోనే ప్రెస్సులో ఉన్న సీసం అక్షరాలన్నీ గోతాల్లో పోసి, పాత సామాన్లవాళ్లకు తూకానికి ఇచ్చేశాడు. "ఇంక వాటితో ఏం పని?" అన్నాడు.

నేను పుట్టి పెరిగింది ధర్మవరం. పెండ్లికి ముందు అక్కడే ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు టైపు నేర్చుకున్నాను. పెనుకొండకు కోడలిగా వచ్చాక ఈ ఉద్యోగం దొరికింది. పొద్దున ప్యాసింజర్ ఎక్కి హిందూపురం, సాయంత్రం మళ్లీ ప్యాసింజర్‌లో ఇంటికి. పండు కంప్యూటర్‌లో తెలుగు మీటలు టైపు మిషన్ మీద ఎట్లా ఉంటాయో అట్లాగే ఉండేవి. అందుకే నాకు పెద్దగా నేర్చుకోవలసింది లేకపోయింది. పెండ్లి పత్రిక కావలసినవాళ్లు నా వెనక కుర్చీ వేసుకుని చెబుతూ ఉంటే నేను కొడుతూ పోయేదాన్ని. వాళ్లు మేనమామల పేర్లు గుర్తు చేసుకోవడానికి ఆగాలే గానీ, నేను ఆగవలసిన పని ఉండేది కాదు. "ఈయమ్మ చేతిలో ఏముందో గానీ, మనం నోరు మూయకముందే అచ్చు పడతాది" అని ఒకాయన అన్న మాటను ఓనరు వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. వింటుంటే సిగ్గుగా ఉండేది, బాగుండేది కూడా.

రెండువేలు దాటాక దాని తెర ముడుచుకుపోవడం మొదలుపెట్టింది. బొమ్మ నాలుగు అంచుల నుంచి లోపలికి జరిగి, మధ్యలో పోస్టుకార్డు అంత మిగిలేది. ఓనరు దాన్ని బెంగళూరుకు తీసుకుపోయి చూపించాడు. ఇంత పాతదానికి సామాను రాదనీ, ఇప్పుడు ఊరంతా విండోసే అనీ చెప్పి పంపారు. తిరిగొచ్చి నన్ను అడిగాడు.

"ఏమ్మా, మార్చేద్దామా? కొత్తది నీకు చేతనైతాదా?"

"ఏముందిలేన్నా, అదీ కంప్యూటరే కదా" అన్నాను.

మాఘమాసం ముహూర్తాల మధ్యలో ఒక రోజు బెంగళూరు నుంచి కొత్త కంప్యూటర్, దాన్ని బిగించడానికి ఒకాయన వచ్చారు. ఆయనకు కన్నడం, ఇంగ్లీషు తప్ప వేరే భాష రాదు. మాకు కన్నడం కొత్త కాదు కాబట్టి ఇబ్బంది లేదనుకున్నాం. మధ్యాహ్నం దాకా పాత దానిలోని పత్రికలన్నీ ఫ్లాపీల్లోకి ఎక్కించాడు. చివరి ఫ్లాపీ బయటికి తీశాక పండు కంప్యూటర్ తెర ఒకసారి మెరిసి, కాలిన వైరు వాసన కొట్టి, నల్లగా అయిపోయింది. ఓనరు దాని వీపు మీద అరచేత్తో తట్టాడు. మళ్లీ తట్టాడు. "పోనీలే, అంతా ఎక్కించుకున్నాం కదా" అన్నాడు గానీ, చెయ్యి మాత్రం చాలాసేపు దాని మీద నుంచి తీయలేదు.

కొత్తదానిలో మొదటి ఫైలు తెరిచాం. అది ఆ రోజే అందించవలసిన పత్రిక. అగళి దగ్గర రైతు, ఆయన కూతురి పెండ్లి. తెర మీద క, త, న లాంటి అక్షరాలు బాగానే ఉన్నాయి. వత్తులు, కొమ్ములు, దీర్ఘాలు ఉండవలసిన చోట మాత్రం టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, ఏవో గీతలు. పెండ్లికూతురి పేరు సగం తెలుగు, సగం తెలియని భాష. ఇంకొక ఫైలు తెరిచాను. అదీ అంతే. 

"ఇది తప్పు సార్" అన్నాను.

బెంగళూరు ఆయన తెరకేసి వంగి చూశాడు. "అక్షర బర్తా ఇదెయల్లా మేడమ్, ఇన్నేను?" అన్నాడు. అక్షరాలు వస్తున్నాయి కదా, ఇంకేం కావాలంటాడు. తెలుగు చదవలేని మనిషికి ఏది తప్పో ఎట్లా చూపించాలి? వేలు పెట్టి చూపిస్తే నవ్వి, "కొత్తగా కొట్టేయండి" అన్నాడు.

కొత్తగా కొట్టడానికి తెలుగు సాఫ్ట్‌వేర్ వేరే ఉంది. అది పనిచేయాలంటే ప్రింటర్ వైరు దగ్గర అగ్గిపెట్టె అంత లాక్ ఒకటి తగిలించాలి. లేకుంటే తెరుచుకోదు. ఆయన సంచి అంతా వెదికాడు. కన్నడ లాక్ దొరికింది. తెలుగు లాక్ బెంగళూరులోనే మరిచిపోయి వచ్చాడు. ఫోను చేస్తే, కొరియర్‌లో పంపుతామన్నారు.

అప్పటికే అగళి పెద్దాయన వచ్చి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. బక్కపలచని మనిషి, తెల్ల టవలు, కార్డులు పెట్టుకోవడానికి తెచ్చుకున్న గుడ్డ సంచి. అటు కర్ణాటక సరిహద్దు కాబట్టి ఆయన మాటలో తెలుగూ కన్నడమూ కలిసి ఉండేవి. మొన్న పాతదాని తెర మీదే పత్రిక చూసి ఒప్పుకుని పోయింది కూడా ఆయనే.

"అయిపాయనా పాపా? ఈ సాయంత్రం బండికే ధర్మవరం పోవల్ల. వియ్యంకుల కడ పంచి, రేపు ఊరికి మళ్లుకోవల్ల" అన్నాడు.

ధర్మవరంలో పెండ్లికొడుకు వాళ్లు పట్టుచీరలు నేసేవాళ్లు. ఆ వీధులన్నీ నాకు తెలుసు.

ఓనరు సంగతి చెప్పాడు. పెద్దాయనకు కంప్యూటర్ మారడమంటే అర్థం కాలేదు. "మొన్న చూపిస్తిరి కదప్పా, చక్కగా ఉన్నింది. అదే ఇయ్యండి" అన్నాడు. ఓనరు స్కూటరేసుకుని ఊళ్లో తెలిసిన రెండు ప్రెస్సులకు పోయి వచ్చాడు. ముహూర్తాల రోజులు, ఎవరికీ తీరిక లేదు. నేను కొత్త మీటల ముందు ఊరికే కూర్చున్నాను. అందరూ నా వైపే చూస్తున్నారు, నేనేదో చేస్తానని. ఏం చేయను? మీటలు నొక్కితే ఇంగ్లీషు వస్తోంది.

చివరికి పెద్దాయనే అడిగాడు. "కన్నడం వస్తాదా దీంట్లో?"

వస్తుంది. కన్నడ లాక్ ఉంది. బెంగళూరు ఆయన బస్సుకు పోయే ముందు తనే కూర్చుని కొట్టి ఇస్తానన్నాడు.

"మా కడ అందరూ కన్నడం చదువుతారు. అది సమస్య కాదు" అన్నాడు పెద్దాయన. కాసేపు టవలు కొసలు చుడుతూ కూర్చున్నాడు. "వియ్యంకులు తెలుగులోనే వేయించమని చెప్పి పంపినారు పాపా. ఇప్పుడు కన్నడం తీసుకుపోతే, మేం చెప్పింది లెక్కలేదా అనుకుంటారేమో."

అరిచినా బాగుండేది. ఆయన అరవలేదు.

కన్నడంలోనే అచ్చయింది. లోపల గదిలో కంప్యూటర్ కాగితం మీది అక్షరాలను చట్రానికి బిగించిన సన్నని గుడ్డ మీదికి దించి, దాంట్లోంచి రంగు లాగే స్క్రీన్ అచ్చు వేసి, కార్డులు తాడు మీద ఆరబెట్టి, తడి పోకముందే సంచిలో పెట్టిచ్చారు. నాది కూడా అదే బండి. స్టేషన్‌కు ఇద్దరం కలిసే నడిచాం. దారిలో నాకొక ఆలోచన వచ్చి, అంగట్లో ఎర్ర ఇంకు పెన్ను కొన్నాను.

"పెద్దాయనా, కార్డు వెనక తెలుగులో నేను రాస్తాను. పేర్లు, ముహూర్తం, తావు. వియ్యంకుల కార్డుల వరకే."

"రాస్తావా తల్లీ?" అని సంచి నా ఒడిలో పెట్టాడు.

బండి కదిలింది. టిఫిన్ డబ్బా మీద కార్డు పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. ఎన్నో ఏండ్లుగా నా చేత్తో నేను రాసింది సరుకుల చీటీ తప్ప ఏమీ లేదు. బండి ఊగినప్పుడల్లా సున్నా వంకర పోయేది, దీర్ఘం పక్క అక్షరం మీదికి పోయేది. నున్నటి కార్డు మీద ఇంకు ఆరక, వేలు తగిలితే ఎర్రగా పూసుకునేది. పెద్దాయన ఒక్కొక్క కార్డు అందుకుని, నోటితో ఊది, కిటికీ పక్క గాలికి పట్టి, సంచిలో పెట్టేవాడు. ఎదురు సీట్లో పూలమ్మే ఆమె చూసి, "పెండ్లి పత్రిక చేత్తో రాస్తాండారే, ఏమప్పా, ప్రెస్సు లేదా మీ ఊర్లో?" అంది. నేను ఇంకొక కార్డు తీసుకున్నాను.

మలుగూరు దాటినాక తట్టింది నాకు. ఇదే రాత ప్రెస్సులో కూర్చుని, కుదురుగా, ఒక్కసారి వెలుతురు పారే ట్రేసింగ్ కాగితం మీద రాసి ఉంటే సరిపోయేది. దాన్నుంచే స్క్రీన్ చేసి కార్డులన్నీ తెలుగులో వేసి ఉండొచ్చు. స్క్రీన్‌కు కంప్యూటర్ కాగితమైతే ఏంది, చేతిరాత అయితే ఏంది? అంతసేపు కొత్త డబ్బా ముఖం చూస్తూ కూర్చున్నాం. ఓనరుకు గానీ, నాకు గానీ, లోపల స్క్రీన్ వేసేవాళ్లకు గానీ ఆ మాట తట్టనేలేదు. కంప్యూటర్ వచ్చాక మా చేతులు, మా కండ్లు మాకు గుర్తే లేకుండా పోయాయి. పెన్ను పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"ఏమమ్మా, చెయ్యి నొస్తాందా?" అన్నాడు పెద్దాయన.

"లేదు" అన్నాను. ఆయనకు చెప్పలేకపోయాను. చెబితే ఏం లాభం, బండి హిందూపురం వదిలి ఎంతో దూరం వచ్చేసింది.

పెనుకొండ వచ్చేసరికి సగం కూడా కాలేదు. ధర్మవరం దాకా పోదామా అనుకున్నాను. ఇంట్లో చెప్పలేదు, నా కూతురు నాకోసం చూస్తుంటుంది. పెన్ను ఆయన చేతిలో పెట్టి, "మిగిలినవి ఆడ ఎవరితోనైనా రాయించుకో పెద్దాయనా" అన్నాను.

"ఇంతమటుకు చేసినావు, చాలు. పో తల్లీ, బండి కదుల్తాది" అన్నాడు. ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తే, కిటికీలో ఆయన ఇంకా ఒక కార్డును గాలికి పట్టుకునే ఉన్నాడు.

ఆ తరువాత సంగతి మా అమ్మ చెప్పింది. పెండ్లికొడుకు వాళ్ల ఇల్లు మా పుట్టింటి వెనక వీధిలోనేనట. పెద్దాయన ప్రతి గడప ఎక్కి, కార్డు చేతికిచ్చి, నిలబడే చదివి వినిపించాడట. కన్నడ అక్షరాలు చూస్తే మనవే అనిపిస్తాయి, చదవబోతే మాట కుదరదు. కొందరు నవ్వారట. పెండ్లికొడుకు పెదనాయన మాత్రం వెనక తెలుగు రాయని కార్డు అటూ ఇటూ తిప్పి, "తెలుగు రాసేవాళ్లే దొరకలేదా మీకు?" అన్నాడట. పెండ్లి జరిగింది. ఆ పెదనాయన మాత్రం పోలేదు. అసలు ఆయనకు పోయే ఉద్దేశమే లేదని, పత్రికను సాకుగా పెట్టుకున్నాడని అమ్మ అంది. నా మనసు కోసమే అందో, నిజమే అందో తెలియదు.

మరుసటి రోజు ఓనరుకు ట్రేసింగ్ కాగితం సంగతి చెప్పాను. "ఔను కదమ్మా" అన్నాడు. ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

లాక్ వచ్చింది. తెలుగు తెరుచుకుంది. అయితే మీటలు వేరు. పాతదానిలో ఉన్న చోట ఏ అక్షరమూ లేదు. తల చెప్పినా వేళ్లు వినవు, పాత దారినే పోతాయి. 'శుభ' అని కొట్టాననుకుని తలెత్తితే నోరు తిరగని మాట ఏదో ఉండేది. మీటల మీద చిన్న కాగితాలు అతికించి, అక్షరాలు రాసుకున్నాను. చెమటకు అవి ఊడి వేళ్లకు అంటుకునేవి. నా వెనక కుర్చీ వేసుకుని చెప్పేవాళ్లు ఇప్పుడు నాకోసం ఆగవలసి వచ్చేది. నాలుగు మాటలు చెప్పి, నేను వెదుక్కుంటుంటే గడియారం చూసి, చివరికి "రాసిస్తాము, సావకాశంగా చేసి పెట్టు" అని లేచిపోయేవాళ్లు.  నా చేతి గురించి ఒకాయన అన్న ఆ మాటను ఓనరు ఎవరికీ చెప్పడం మానేశాడు.

ఇంట్లో బియ్యం ఏరుతూ కూడా చేట మీద వేళ్లు ఆడించేదాన్ని. మా అత్త చూసి, "ఏమే, చేతులు వణుకుతాండాయా?" అని భయపడింది. కొత్త మీటలు నేర్చుకుంటున్నానంటే, "ఇన్నేండ్లు చేసిన పని మళ్లీ నేర్చుకునేదేంది?" అంది. ఆమె అడిగింది న్యాయమే. 

ఎండాకాలం ముగిసే సమయంలో గాండ్లపెంట నుంచి ఒకామె వచ్చింది. కొడుకు ఎరువుల అంగడి పెడుతున్నాడట, కరపత్రాలు కావాలంది. నా వెనక కూర్చుని చెబుతోంది, నేను కొడుతున్నాను, చెరుపుతున్నాను, మళ్లీ కొడుతున్నాను. 'ప్రారంభోత్సవం' దగ్గర వత్తు దొరకక ఆగిపోయాను. ఆమె చాలాసేపు ఓపిక పట్టింది. తరువాత కుర్చీ ముందుకు జరుపుకుని, నా భుజం మీద చెయ్యి వేసి, జాలిగా అడిగింది.

"ఈడ కొత్తగా చేరినావా పాపా?"

ఓనరు పక్క గదిలోనే ఉన్నాడు. విన్నాడో లేదో.

"ఔనమ్మా" అన్నాను.