మునగపూల మీద తేనెపిట్ట

ఎనభైల చివరి సంగతి. చలికాలం మొదట్లో ఒక ఉదయం, రేపల్లెలో నా మూడో తరగతి పిల్లల హాజరు పిలుస్తుండగా దగ్గు తెర వచ్చింది. చేతిరుమాలు మీద ఎర్రటి మరక. పిల్లలు చూడకుండా మడిచి, మిగతా పేర్లు పిలిచాను. అప్పటికి నెలన్నరగా సాయంత్రాలు జ్వరం వస్తున్నా బడి అలసటే అనుకున్నాను.

తెనాలిలో డాక్టరుగారు ఎక్స్‌రే, కఫానికి స్ప్యూటమ్ టెస్టు చేయించారు.

"టీబీ అమ్మా. నయమవుతుంది. కానీ ఒక్క పూట కూడా మందు మానకూడదు," అన్నారు.

రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్, గుప్పెడు మాత్రలు. బడికి సెలవు పెట్టాను. గాలి తగలాలని మా అత్తయ్య పెరట్లో మునగచెట్టు దగ్గర నాకు మంచం వేయించింది. తను కాస్త ఎడంగా కూర్చుని బియ్యం ఏరుకునేది.

"మీకు అంటుకుంటుందేమో అత్తయ్యా, లోపలికి వెళ్ళండి."

"నీకోసం కాదులే, పిట్టల కోసం కూర్చున్నా."

వచ్చిన పిట్టకల్లా పేరు పెట్టేది. బావి దగ్గర తడినేల మీద తోక ఊపుతూ తిరిగే బూడిదరంగు పిట్ట 'ఇన్‌స్పెక్టరు'. ఎప్పుడూ అరుచుకునే గోరింకల జంట 'పక్కింటివాళ్ళు'. మాత్రలకు వాంతయిన పూట కూడా, ఇన్‌స్పెక్టరు వచ్చాడా అని అడిగేదాన్ని.

చలి తగ్గింది. ఇన్‌స్పెక్టరు రావడం మానేశాడు. నాకు దగ్గు తగ్గి, అన్నం సయిస్తోంది. మునగ విరగబూసింది. నీలంగా మెరిసే తేనెపిట్ట ఒకటి పూల మీద వాలింది.

"అబ్బ, ఏం గోల! అంత పిట్టకి ఇంత గొంతేంటి?" అంది అత్తయ్య.

దాని ముక్కు తెరుచుకోవడం చూస్తున్నాను. నాకేమీ వినిపించలేదు.

"అవునత్తయ్యా," అన్నాను.

ఆవిడ చేట కింద పెట్టి నావైపు చూసింది. "నిజం చెప్పు. వినపడిందా?"

ఏడ్చేశాను. పది రోజులుగా చెవుల్లో హోరు, లేచి నిలబడితే తూలుడు. చెబితే ఇంజెక్షన్ ఆపేస్తారని, జబ్బు తిరగబెడుతుందని భయపడి దాచాను.

మర్నాడు పొద్దుటి రైలుకే తెనాలి తీసుకెళ్ళింది. డాక్టరుగారి ముందు నేను నీళ్ళు నములుతుంటే తనే చెప్పింది.

"మా కోడలికి పిట్ట కూత వినపడట్లేదండి."

ఆయన నవ్వలేదు. చెవి పరీక్షకు పంపి, రిపోర్టు చూశారు.

"ఇంజెక్షన్ సైడ్ ఎఫెక్ట్. సన్నటి శబ్దాలు ముందు పోతాయి. పోయింది తిరిగి రాదమ్మా. ఇవాళే ఆపితే మిగిలింది నిలబడొచ్చు."

"మరి జబ్బండి?"

"వేరే మందు ఉంది. పది రోజుల కిందటే చెప్పాల్సింది."

తిరుగు రైల్లో అత్తయ్య జామకాయ కొని, ఉప్పుకారం అద్దిన ముక్క నా చేతిలో పెట్టింది.

"ఏ పిట్ట ఏమంటోందో నేను చెబుతాగా," అంది.

మరో ఏడాది మాత్రలు మింగాను. స్ప్యూటమ్ నెగటివ్ వచ్చింది. మళ్ళీ బడిలో చేరి పాఠాలు చెప్పాను. వెనక వరస పిల్లలు మెల్లగా మాట్లాడితే దగ్గరికి వెళ్ళి వినేదాన్ని. తేనెపిట్ట కూతను అత్తయ్య అనుకరించి వినిపించేది. అస్సలు కుదిరేది కాదు, ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

మందులు వాడుతున్నవాళ్ళకు ఒక్క మాట. చెవిలో హోరు, తూలుడు లాంటివి మొదలైతే మందు మీ అంతట మీరు మానకండి, సంగతి దాచకండి. ఆ రోజే డాక్టరుకు చెప్పండి. చెప్పడానికి జంకు అయితే, మీ తరఫున మాట్లాడే మనిషిని వెంట తీసుకెళ్ళండి.