వట్టివేళ్ల నీళ్లు

నా చిన్నప్పుడు మా పేట బంతిభోజనాల్లో అందరూ వినేలా ఒక అబద్ధమాడాను. నిజమేమిటో తెలిసి కూడా మొన్నటిదాకా నోరు విప్పలేదు.

రాజమండ్రిలో మా పేటవాళ్లు ఏటా ఎండాకాలం మొదట్లో, మనుషులంతా సమానమని, హక్కులు అందరివీ అని సభ పెట్టుకుంటారు. ఉపన్యాసాలయ్యాక భోజనాలు. ఒకే ఇంటివాళ్లు పక్కపక్కన కూర్చోకూడదన్నది అక్కడి పద్ధతి. గుడివీధి వాళ్ల పక్కన చర్చివీధి వాళ్లు, వాళ్ల పక్కన రేవు దగ్గరి జాలరి కుటుంబాలు కూర్చునేవారు. మంచినీళ్లు పోసేది మా వీధికి చేపలు తెచ్చే అక్క. ఆ పని తనే అడిగి తీసుకుందట.

ఆ ఏడు నా చూపంతా ఆ అక్క నీళ్ల కాగు మీదే. పొద్దున్నే తెల్లగుడ్డలో ఏదో మూటగట్టి అందులో వేయడం చూశాను. ఏమై ఉంటుంది? పటికా? మందా? అడుగుదామంటే మా మామ్మ ముందే గట్టిగా చెప్పి పంపింది, ఆవిడ చేతి నీళ్లు ముట్టుకోవద్దని. ఆగలేకపోయాను. అందరూ ఉపన్యాసం వింటుండగా వంటపాక వెనక్కి వెళ్లి, చెంబు ముంచుకుని తాగేశాను. మామ్మ పట్టుచీరల పెట్టెలో వచ్చే వాసనే. మూటలో ఉన్నవి వట్టివేళ్లు.

భోజనాల దగ్గర అక్క నా ముందు చెంబు వంచింది. ఎదురు వరసలో మా బాబాయి ఉన్నాడు. తాగితే మామ్మకి చెప్పేస్తాడు. గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"ఏం బాబూ, దాహం లేదా?"

"నీళ్లు చేపల వాసనొస్తున్నాయి," అన్నాను.

"పులుసనుకుని తాగెయ్యరా," అన్నారెవరో. బంతిలో నవ్వులు. అక్క తన అరచేయి వాసన చూసుకుంది. చెంబు ఇంకొకరికిచ్చి, నా కోసం ఎదురింట్లోంచి వేరే నీళ్లు తెప్పించింది. మరుసటి ఏడాది నుంచి వచ్చేది, తినేది, కాగు వైపు మాత్రం వెళ్లేది కాదు. ఆ నీళ్లకి మళ్లీ ఆ వాసన రాలేదు.

మొన్నటి సభలో నా పక్క విస్తరి ఆవిడది. జుట్టంతా నెరిసింది.

"అక్కా, ఆ రోజు మీ నీళ్లు బాగున్నాయి. నేను ముందే దొంగతనంగా తాగాను."

"చూశానండి," అంది పప్పు కలుపుకుంటూ.

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"చెబితే మీ మామ్మగారు మీ వీపు చీరేసేవారు కదండీ." ఒక ముద్ద తిని, మళ్లీ తనే అంది: "నాకొక్కదానికే చెబితే ఎలాగండీ బాబూ? అప్పుడు బంతంతా విన్నారు కదా."

మూటలో ఏముందో తెలుసుకోకుండా ఆగలేని పిల్లాణ్ణి, తెలిసింది చెప్పడానికి ఇంత వయసు రానిచ్చాను. నన్ను దెబ్బల నుంచి కాపాడటానికి ఆవిడ తన పని వదులుకుందని ఆ క్షణం దాకా తెలియదు.

ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాను. తినేవాళ్లు తల ఎత్తారు.

"ఈ అక్క పోసిన నీళ్లలో వట్టివేళ్ల వాసన తప్ప ఇంకే వాసనా లేదు. చేపల వాసన అన్నది నేనాడిన అబద్ధం," అని, ఆవిడ వైపు తిరిగాను. "క్షమించండి, అక్కా."