రాళ్ళబాట మీద నాకు నొప్పి పుట్టలేదు

ఆ రోజు చెరువు చుట్టూ రెండో రౌండు నడుత్తున్నాను. వెనకనుంచి ఎవరో ఆడమనిషి కేకేసింది. "బాబూ, మీ ఎడం కాలి చెప్పు అక్కడే ఉండిపోనాది!" చూసుకుంటే నిజమే. అంత దూరం ఒట్టికాలితో నడిచేసేను, తెలవనే లేదు. పరధ్యానం అనుకున్నాను. పైగా అందరి ముందూ అరిచిందని ఆవిడ మీద కోపం కూడా వచ్చింది.

నాది అనకాపల్లిలో బెల్లం కొట్టు. షుగరుందని తేలి అప్పటికి నాలుగేళ్ళు. డాక్టరు గారు వాకింగ్ చెయ్యమన్నారని ఊరి చివర చెరువుల దగ్గర వేసిన వనానికి రోజూ పొద్దున్నే వెళ్ళేవాణ్ణి. రెండు చెరువులు, మట్టిబాటలు, చెట్లు, నీళ్ళలో కొంగలు. చోటు మంచిదే. వచ్చే జనమే నాకు గిట్టేవారు కాదు. కొంగని చూడ్డానికొచ్చి ఫోన్లో తమ మొహం చూసుకునేవాళ్ళు కొందరు. అరగంట నడిచి, గేటు బయట బండి దగ్గర ఆరేసి పూరీలు లాగించేవాళ్ళు కొందరు. చేతులు పైకెత్తి హహహా అని ఏడుపులాంటి నవ్వు నవ్వే గుంపొకటి. వీళ్ళని చూసి మూతి తిప్పుకోవడమే నాకు సగం వ్యాయామం.

ఈ జాతరకంతటికీ పెద్ద ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు. మెడలో విజిలు ఇంకా తియ్యలేదు. ఆయనకి తెలియని రోగమూ లేదు, ఆయన తగ్గించిన రోగమూ లేదు. చెప్పు సంగతి విని, "నరాలు నిద్రపోతన్నాయి బావా. మందులెందుకు? ఒట్టికాళ్ళతో రాళ్ళబాట మీద నడు, అవే లేత్తాయి" అన్నాడు. చెరువుగట్టు పక్కన గులకరాళ్ళు నిలబెట్టి సిమెంటు చేసిన దారొకటుంది, అదీ రాళ్ళబాటంటే. నేనంత చులకనగా చూసే మనిషి మాట ఎందుకు విన్నాను? రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. డాక్టరుకి చెబితే టెస్టులు రాత్తాడు. ఈయన రాయడు.

ఆ బాట ఎక్కినవాళ్ళు "అమ్మా, అబ్బా" అంటా కోడిపిల్లల్లాగ గెంతేవారు. నేను మాత్రం పెళ్ళి ఊరేగింపులో పెద్దమనిషిలాగ నింపాదిగా నడిచేవాణ్ణి. "అదీ మగాడంటే! సూడండి, సూసి నేర్సుకోండి" అని మాస్టారు విజిలూదేడు. నేను పొంగిపోయేను. బక్కప్రాణాలు, రెండు రాళ్ళకే ఏడుపా అని వాళ్ళని చూసి నవ్వేను కూడా. ఇప్పుడది తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిత్తాది.

పది పన్నెండు రోజులు గడిచేయి. మా ఆవిడ సత్యవతి గచ్చు తుడుత్తూ ఆగిపోయింది. "ఏటండీ ఇది? వాకిట్లోంచి వంటింటి దాకా నెత్తురడుగులు!"

"పిల్లేదో పట్టుకొచ్చుంటాది" అన్నాను.

"పిల్లికి అంత పాదముంటాదా?" అని నా కాలు ఎత్తి చూసింది. అరికాల్లో సీసా పెంకు. ఎప్పుడు దిగిందో నాకు తెలవదు. పసుపద్దమన్నాను. ఆస్పత్రికి పదండని ఆవిడ పోరితే, నొప్పి లేనిదానికి ఆస్పత్రేటని కసిరేను. నాలుగో రోజుకి కాలు వాచింది, చలిజొరం, వాసన. అప్పుడు తీసుకెళ్ళేరు విశాఖపట్నం.

అక్కడ డాక్టరమ్మ నన్ను కళ్ళు మూసుకోమంది. సన్నటి నైలాన్ దారంతో పాదం మీద ముడుతుందట, తగిలినప్పుడల్లా చెప్పాలట. కాసేపాగి, "మొదలెట్టండమ్మా" అన్నాను.

"అయిపోయిందండి" అంది. "రెండు పాదాలూ పదేసి చోట్ల ముట్టాను."

న్యూరోపతి అంది. నొప్పి తెలిసే నరాలు చచ్చేయి. రాళ్ళబాట మీద నా మగతనం అదన్నమాట! సర్జన్ వచ్చి, "ఇన్ఫెక్షన్ ఎముక్కి పట్టింది. ఇంకా పైకెళ్తే మోకాలి కింద కాలు తీసెయ్యాలి" అన్నారు. ఆ రోజు డిబ్రైడ్‌మెంట్ అని కుళ్ళిన కండ కోసేసి, చిటికెన వేలు తీసేరు.

మూడో వారానికే కొట్లో కూర్చున్నాను, కాలు స్టూలు మీద పెట్టుకుని. పుండు మానలేదు. ఇన్సులిన్ పెంచేరు. షుగరు దిగలేదు. దాని పక్క వేలూ నల్లబడింది. డాక్టరమ్మ విసిగిపోయి, "నిజం చెప్పండి, స్వీట్లు తింటున్నారా?" అంది.

"కాఫీలో కూడా పంచదార వెయ్యనమ్మా" అన్నాను. అబద్ధం కాదు.

సత్యవతి పక్కనుంచి, "ఏటీ తినరండి. పొద్దున్న మార్కెట్లో బెల్లం కొనేముందు రుచి చూత్తారు, అంతే" అంది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఎన్నిసార్లు?"

"ఎన్ని దిమ్మలుంటే అన్నిసార్లు" అన్నాను. "చిన్న ముక్క గిల్లి నోట్లో వేసుకుంటాం. అది తిండి కాదమ్మా, వ్యాపారం."

"మీ ఒంటికి ఆ తేడా తెలియదండి" అంది. సత్యవతి ఏడ్చేసింది. నాలుగేళ్ళూ నాకు పంచదార డబ్బా కనబడకుండా దాచిన మనిషి ఆవిడ. నాకు సిగ్గేసింది.

రెండో వేలూ పోయింది. పాదం దక్కింది. బెల్లం నోట్లో వేసుకోవడం ఆ రోజుతో సరి. ఇప్పుడు రంగు చూత్తాను, విరిచి చూత్తాను, చాలు. దేవరాపల్లి రైతులు మొదట్లో నవ్వేరు, "రుసి సూడకుండా ఏటి కొంటావు మామా?" అని. ఎవరి నవ్వు వాళ్ళది. సాయంత్రం సత్యవతి అద్దం పట్టుకుంటాది, నేను రెండు అరికాళ్ళూ చూసుకుంటాను. మెత్తటి ప్రత్యేకమైన చెప్పులేసుకుని, డాక్టరమ్మ చెప్పినంత మేర వనంలో నడుత్తున్నాను. పూరీల వాళ్ళూ మారలేదు, నవ్వుల గుంపూ మారలేదు, డ్రిల్లు మాస్టారు విజిలూ మారలేదు. వాళ్ళ మీద నా అభిప్రాయమూ మారలేదు.

మొన్న రాళ్ళబాట మీద ఒకాయన నింపాదిగా నడుత్తున్నాడు, నవ్వుకుంటా. పక్కవాళ్ళు గెంతుతున్నారు. మాస్టారు విజిలూదేడు. నేను ఎదురెళ్ళి, "షుగరుందా బాబూ?" అన్నాను.

"ఉంటే?" అన్నాడు. నన్ను పైనుంచి కిందికి చూసేడు. ఆ చూపు నాకు బాగా తెలుసు, అది నాదే. గట్టు మీద కూర్చుని ఎడం చెప్పు విప్పి, మూడు వేళ్ళ పాదం చూపించేను. ఆయన నవ్వు ఆగింది. నా పక్కన కూర్చుని, కాలు ఒళ్ళోకి లాక్కుని అరికాలు చూసుకున్నాడు.

నేను చెప్పేది అంతే. రాయి గుచ్చుకుని నొప్పి పుడితే సంతోషించండి. పుట్టకపోతే గొప్పలు పోకండి. చెప్పులేసుకుని డాక్టరు దగ్గరకి నడవండి.