కొలతల పుస్తకంలో నా సంతకం

దయ్యాలు, గాలి సోకడాలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి నా పని చూసుకునే రకాన్ని నేను. నాంపల్లి కోర్టులో ఇరవై ఏళ్ళుగా రికార్డు సెక్షన్ క్లర్కును. ఏదైనా కాగితం మీద ఉంటేనే నమ్ముతాను. చివరికి నన్ను ఇరుకున పెట్టింది కూడా కాగితమే.

యాభై ఒకటో ఏట నాకు సర్ఫింగ్ పిచ్చి పట్టింది. ఫోన్లో ఒక వీడియో చూశాను. కేరళలో పెద్దగా జనం లేని చిన్న తీరం, కొబ్బరి చెట్లు, నా వయసున్న ఒకావిడ అల మీద బోర్డెక్కి, తూలుతూ నిలబడి పకపకా నవ్వుతోంది. నాకూ అలా ఒక్కసారి నిలబడాలనిపించింది. మెట్రో మెట్ల మీదే రెయిలింగ్ వదలవు, నీకు అలలా అని మా ఆయన ఆటపట్టించారు. మోకాళ్ళ నొప్పులని తను రానన్నారు.

నాతో పనిచేసే సుజాత వస్తానంది. సెలవు పెట్టాం, టికెట్లు తీసుకున్నాం, నేర్పేవాళ్ళతో మాట్లాడి గది ఖాయం చేసుకున్నాం. చుడీదార్‌తోనే నీళ్ళలోకి దిగొచ్చా అని అడిగితే దిగొచ్చన్నారు. లంచ్ డబ్బాలు తెరిస్తే చాలు, మా ఇద్దరికీ ఆ ముచ్చటే.

ప్రయాణం వారం ఉందనగా, ఇంట్లో వీలు కాక సుజాత మానుకుంది. నేను ఒంటరిగా వరంగల్ కూడా వెళ్ళిన మనిషిని కాదు. సిగ్గు విడిచి చెప్తున్నాను, భయమేసింది. నా టికెట్టూ రద్దు చేయించేద్దామని ఆ సాయంత్రం కోర్టు నుంచి బయలుదేరాను. ముందు ఆబిడ్స్‌లో టైలర్ యాదగిరి దగ్గర జాకెట్లు తీసుకుని, అట్నుంచి స్టేషన్‌కి వెళ్ళాలనుకున్నాను.

అతను జాకెట్లతో పాటు ఇంకో పొట్లం పెట్టాడు. విప్పి చూస్తే, మెడ నుంచి మడమల దాకా కప్పే నీలం రంగు ఈత డ్రెస్సు. ఇది నాది కాదన్నాను.

"అట్లంటరేంది అక్కా? పోయిన సోమారం మీరే గుడ్డ తెచ్చి కొలతలిచ్చిన్రు. జుట్టు తడితడిగ ఉండె. మొఖం ఎండకు కమిలి ఉండె. మస్తు ఖుషీగ నవ్వుకుంట సముద్రం ముచ్చట్లు చెప్పిన్రు."

సోమవారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను కోర్టులోనే ఉన్నాను. తర్వాత హాజరు రిజిస్టరు కూడా చూసుకున్నాను. ఆ రోజు వాన చుక్క పడలేదు. ఈ ప్రయాణం సంగతి నేను యాదగిరికి చెప్పనే లేదు.

తర్వాత గొడవ రాకుండా ఆర్డరిచ్చిన వాళ్ళతో సంతకం పెట్టించుకోవడం అతని అలవాటు. కొలతల పుస్తకం తెరిచి చూపించాడు. నా పేరు, నా కొలతలు. పక్కన అచ్చం నా దస్తూరీలోనే, కుడి మోకాలి దగ్గర గుడ్డ రెండు పొరలు వేయమని ఉంది. కింద సంతకం. సంతకాలు పోల్చి చూడటం నా రోజువారీ పని. మధ్య అక్షరం దగ్గర నా పెన్ను ఎప్పుడూ కాస్త ఆగి నొక్కుకుంటుంది. ఇందులోనూ అక్కడే నొక్కుకుంది.

భయం కంటే ఎక్కువగా, నవ్వుకుంట చెప్పిన్రు అన్న మాట నన్ను పట్టుకుంది. అది నేనే అయితే అంత సంతోషం ఎక్కడ దొరికింది? స్టేషన్‌కి వెళ్ళకుండా పొట్లం తీసుకుని ఇంటికొచ్చేశాను.

ఒంటరిగానే వెళ్ళాను. డ్రెస్సు అతికినట్టు సరిపోయింది. బోర్డు మీద లేవబోయిన ప్రతిసారీ ముందు నా కుడి మోకాలే ఆనింది. నాతో పాటు నేర్చుకునేవాళ్ళు మోకాళ్ళు గీరుకుపోయి మందు రాసుకుంటుంటే నాకు గీత కూడా పడలేదు. మూడో రోజు ఒక అల మీద నాలుగు క్షణాలు నిలబడ్డాను. గట్టిగా నవ్వేశాను. అంత సంతోషం నేనెప్పుడూ ఎరగను.

తిరిగొచ్చాక యాదగిరి ఎండకు కమిలిన నా మొహం చూసి, "కొలతలిచ్చిన దినం గూడ గిట్లనే ఉన్నరక్కా" అన్నాడు.

టైలర్ ఎవరినో చూసి పొరబడ్డాడని మా ఆయన అంటారు. ఆ సోమవారం ఆ కొట్లోకి వెళ్ళింది నేను కాదని ఏ కోర్టులోనైనా ప్రమాణం చేసి చెప్తాను. ఆ సంతకం నాది కాదని మాత్రం చెప్పలేను.